సంపూర్ణమ్మగారి ఉక్కపోత

బెజవాడ భవానీపురంలో మా వీధి చివర, ఖాళీ స్థలానికి ఆనుకుని ఒక పాత డాబా ఇల్లు ఉంది. ఆ ఇంట్లో పడమటి గది... దాని పేరు చెబితే చీకటి పడ్డాక ఆటోవాళ్ళు కూడా వీధి మొదట్లోనే దింపేసి, చిల్లర కోసం కూడా ఆగకుండా వెనక్కి తిప్పుకునేవాళ్ళు.

పగలు చూస్తే ఏముంది? సున్నం వేసిన గోడలు, ఓ పాత మంచం, తలుపు వెనక మేకుకి వేలాడే తాటాకు విసనకర్ర. కిటికీ అవతల ఖాళీ స్థలం నిండా కంపచెట్లు. అంతే. రాత్రయితేనే అసలు సంగతి.

ఆ ఇంటి పాత యజమానికి తల్లి, సంపూర్ణమ్మగారని ఉండేది. ఒక మే నెలలో, వడగాడ్పులు చెలరేగిపోతున్న రోజుల్లో, రాత్రి కరెంటు పోయింది. పోయింది పోయినట్టే ఉంది. ఆవిడ ఆ గదిలో మంచం మీద కూర్చుని విసురుకుంటూ... విసురుకుంటూ... "గాలి లేదే అమ్మా, గాలి లేదే" అంటూనే ప్రాణం విడిచింది. ఆవిడ పోయిన కాసేపటికి కరెంటు వచ్చింది. తల మీద ఫ్యాను గిర్రున తిరిగింది. ఎవరికైనా కడుపు మండదా చెప్పండి?

మిగతా ఊళ్ళలో దెయ్యాలు కోడిని అడుగుతాయి, కల్లు అడుగుతాయి. మా బెజవాడ దెయ్యం పాపం గాలి అడిగేది.

తర్వాత ఆ గదిలోకి జాన్‌బాబు అని ఒక మందుల కంపెనీ కుర్రాడు అద్దెకి దిగాడు. ఒక్క రాత్రే. సరిగ్గా ఫ్యాను కింద మంచం వేసుకుని పడుకున్నవాడు, మెలకువ వచ్చి చూస్తే — గోడ వారన ఉన్నాడు. మంచంతో సహా. ఫ్యాను కింద మాత్రం ఖాళీ... ఒక మనిషి హాయిగా పడుకునేంత ఖాళీ. తెల్లారేదాకా ఆగలేదు జాన్‌బాబు. మందుల పెట్టె కూడా తర్వాత వేరే ఎవర్నో పంపించి తెప్పించుకున్నాడు.

నేను ఎదురింటివాణ్ణి. దెయ్యాల్ని నమ్మనని పగలు ఎవరడిగినా చెప్తాను. రాత్రిపూట ఎవరూ అడగరు కాబట్టి ఇబ్బంది లేదు. ఈ కథలో నేను కళ్ళారా చూసింది తక్కువ. చెప్పినవాడు చిట్టిబాబు, ఆ ఇల్లు కొన్న పోలరాజుకి బావమరిది. ఏది చెప్పినా ఉప్పూకారం ఓ పిడికెడు ఎక్కువ వేసే మనిషి. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను.

పోలరాజుది చేపల వ్యాపారం. కైకలూరు వైపు చెరువుల్లోంచి బొచ్చె, శీలావతి తెప్పించి, థర్మాకోల్ పెట్టెల్లో మంచు వేసి సర్ది, హౌరా బండి ఎక్కించడం ఆయన పని. ఆయన సర్దిన పెట్టె హౌరాలో విప్పితే మంచు ఇంకా గలగలమంటుందని పేరు. ఇల్లు చవగ్గా వస్తోందంటే కొనేశాడు. గది సంగతి నేనే చెవిన వేశాను.

పోలరాజు నవ్వాడు. "చాలా ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీ పక్కన పడుకున్నానండీ. ఆ దడదడలో దెయ్యం వచ్చి చెవిలో అరిచినా వినపడేది కాదు. నన్నేం చేస్తుందండీ?"

అన్నాడు గానీ, ఆ గదికి తాళం వేసే ఉంచాడు. ఆయన భార్య పేరమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం ఆ గడప మీద ఓ అగరొత్తి వెలిగించి వచ్చేది.

రెండు వేల ఎనిమిదిలో ఆ తాళం తియ్యాల్సి వచ్చింది. అల్లుడి కోసం.

వాళ్ళకి ఒక్కతే కూతురు, ఉష. ఆ మాఘమాసంలోనే పెళ్ళి చేశారు. అల్లుడు సూర్యప్రకాష్‌ది బెంగళూరులో బ్యాంకు ఉద్యోగం. వాళ్ళ తాతగారిది బందరు దగ్గర సముద్రం మీద వేటే గానీ, తండ్రి రైల్వేలో చేరాడు, కొడుకు బ్యాంకులో చేరాడు. వలా పడవా వాళ్ళింట్లో ఫోటోల్లోనే మిగిలాయి.

ఉగాదికి అల్లుణ్ణి పిలిచారు. కొత్తల్లుడు అత్తారింట్లో మూడు నిద్రలు చెయ్యాలి కదా. ఒక్క నిద్ర కూడా సరిగ్గా చెయ్యలేదు. హాల్లో పక్కేస్తే కూలరు లారీలా మోత. డాబా మీద పక్కేస్తే దోమలు. తెల్లారగానే ఏదో అర్జెంటు పనుందని మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు. రెండు రోజుల తర్వాత వియ్యపురాలు ఫోన్ చేసి, "మా వాడు మీ ఇంట్లో కన్ను మూయలేదటండీ" అంది. మామూలుగానే అంది. పోలరాజుకి మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ రాత్రి చిట్టిబాబుని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నాడు.

"వేడికి కాదురా చిట్టీ... నా దగ్గరొచ్చే వాసనకి వెళ్ళిపోయాడేమో."

అంత పెద్ద మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం చిట్టిబాబు అదే మొదటిసారి వినడం.

మే నెలలో ఉష, సూర్యప్రకాష్ మళ్ళీ వస్తామన్నారు. ఈసారి మూడు నిద్రలూ పూర్తవ్వాలి. లేకపోతే తన కూతురు ఆ ఇంట్లో తలెత్తుకుని పుట్టింటి మాట చెప్పుకోలేదు — ఇదీ పోలరాజు బెంగ. అందుకే ఏసీ కొందామనుకున్నాడు. మిగతా గదుల కిటికీలకి అవతల జానెడు దూరంలో పక్కింటి గోడ. ఏసీ వెనక భాగానికి సరిపడా గాలీ చోటూ ఉన్నది ఒక్క పడమటి గది కిటికీకే.

"ఆ గదిలోనా?" అంది పేరమ్మ.

"ఉక్కతో పోయిన మనిషేగా? చల్లగా ఉంటే ఆవిడ మాత్రం ఎందుకు గొడవ చేస్తుంది?" అన్నాడు పోలరాజు. ఆ మాట బాగానే ఉందనిపించింది అందరికీ.

బావా బావమరుదులిద్దరూ ఏలూరు రోడ్డులో ఒక షాపుకి వెళ్ళారు. సుస్మిత అనే అమ్మాయి చూపించింది.

"గది పది బై పన్నెండా అండీ? అయితే ఒక టన్ను చాలండీ. పెద్దది పెడితే మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. కరెంటూ దండగే, గదిలో చెమ్మా పోదు."

"టన్నంటే ఏంటమ్మాయ్, బరువా?"

"కాదండీ. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజంతా కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో, అంతన్నమాట."

పోలరాజు మొహం వెలిగిపోయింది. "మంచు టన్నా! చిట్టీ, విన్నావా? మన మంచేరా! ముందే చెప్పొద్దా తల్లీ, ఇది మనకి తెలిసిన సరుకే." ఇక అక్కణ్ణించి ఆయన కొనేవాడిలా లేడు. చేపల రేవులో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఒక్కో ఏసీ ముందు మూత ఎత్తి, మొప్పలు చూసినట్టు జాలీ చూసి, వేలితో నొక్కి, వాసన కూడా చూశాడు.

కొన్నిటి మీద కొత్తగా నక్షత్రాల స్టిక్కర్లున్నాయి.

"ఎన్ని నక్షత్రాలుంటే అంత తక్కువ కరెంటు తింటుందండీ," అంది సుస్మిత. "ఇది అయిదు."

"ఈ నక్షత్రాలు అంటించింది మీరేనా?"

"గవర్నమెంటు లెక్క ప్రకారం అండీ."

పోలరాజు గోటితో ఓ మూల గీరి చూశాడు. ఊడలేదు. తృప్తిపడ్డాడు. రిమోటుది మాత్రం వద్దన్నాడు. తిప్పే మర ఉన్నదే ఇమ్మన్నాడు. ఆఫ్, ఫ్యాన్, లో కూల్, హై కూల్ — టక్, టక్, టక్, టక్. చేతికి తెలియాలన్నాడు.

"మరి చప్పుడు?"

"రోటరీ కంప్రెసర్ అండీ. పాతవాటిలా దడదడలాడదు."

"మీ షాపు రొదలో ఏం తెలుస్తుందమ్మా? ఫ్యాన్లు ఆపండి."

కౌంటర్లో ఉన్న ఓనరు ఈ మనిషి వాలకం చూసి ఫ్యాన్లు ఆపించాడు. టీవీలూ ఆపించాడు. కొనడానికొచ్చినవాళ్ళు కూడా ఎందుకో మాట్లాడటం మానేశారు. పోలరాజు జాలీకి చెవి ఆనించాడు. షాపంతా ఊపిరి బిగబట్టింది.

"చిట్టీ... నడుస్తోందా?"

"నడుస్తోంది బావా."

"వినపడట్లేదే?"

"అదే కదా బావా మనకి కావాల్సింది!"

బిగించడానికొచ్చిన మనిషి ఏసీని కిటికీలో పెట్టి, నీళ్ళు బయటికి పోయేలా వెనక భాగం కాస్త కిందికి వంచి, చుట్టూ ఇనప చట్రం కొట్టాడు. గదికి వేరే లైను లాగి స్టెబిలైజరు తగిలించాడు. ఏసీకీ కిటికీకీ మధ్య మిగిలిన సందులకి రెండు రోజుల్లో ప్లైవుడ్డు ముక్కలు తెచ్చి కొడతానన్నాడు.

"అప్పటిదాకా చల్లదనమంతా కంపచెట్లకి పోవాలా? మా అల్లుడు రేపే దిగుతాడు," అన్నాడు పోలరాజు. "సందులు మూయడం నాకొదిలెయ్."

అది ఆయన విద్య. పెరట్లో షెడ్డులో థర్మాకోల్ పెట్టెలు గుట్టలుగా ఉన్నాయి. నాలుగింటిని తీసి, సబ్బుతో రుద్ది, బ్లీచింగు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టారు. బావా బావమరుదులిద్దరూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. వాటిని ముక్కలుగా కోసి, గాలి దూరే సందు లేకుండా కూరి, లోపలి వైపు టేపు వేశారు. హౌరా పెట్టెని కూడా అంత శ్రద్ధగా సర్ది ఉండరు.

పేరమ్మ ఏసీకి పసుపు, కుంకుమ పెట్టి, స్టెబిలైజరుకి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టింది. తర్వాత మగవాళ్ళు బయటికెళ్ళాక, ఆ గదిలో నిలబడి, తలుపు వెనకున్న విసనకర్ర వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"అమ్మా సంపూర్ణమ్మగారూ, మా అల్లుడొస్తున్నాడు. బిడ్డ కాపరం సంగతమ్మా. మూడు రాత్రులు ఓపిక పట్టు తల్లీ. తర్వాత ఈ గదీ నీదే, ఈ చల్లగాలీ నీదే."

ఈ మొక్కు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

సూర్యప్రకాష్, ఉష దిగారు. పోలరాజు గంధం సబ్బుతో మళ్ళీ మళ్ళీ స్నానం చేశాడు. సెంటు కొట్టుకున్నాడు. ఇంట్లో చేప అన్న మాట వినపడకూడదన్నాడు. పేరమ్మ పుట్టి బుద్ధెరిగాక వండని పనీరు కూర, ఎవర్నో అడిగి తెలుసుకుని వండింది. సూర్యప్రకాష్ మాట్లాడకుండా తిన్నాడు. పోలరాజు వడ్డించడానికి కూడా దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడే, "ఇంకొంచెం వేసుకోండి బాబూ," అన్నాడు.

రాత్రి గదిలో ఏసీ లో కూల్ మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. చిట్టిబాబు హాల్లో పడుకున్నాడు.

ఆ ఏసీకి నిజంగానే చప్పుడు లేదు. అక్కడే వచ్చింది చిక్కు. కూలరు మోతలో అయితే ఎవరికీ వినపడనివన్నీ... ఆ నిశ్శబ్దంలో వినపడటం మొదలుపెట్టాయి.

ముందు — గర్ర్... గర్ర్... కిటికీ దగ్గర గోళ్ళతో ఎవరో గీరుతున్నట్టు.

సూర్యప్రకాష్ కళ్ళు తెరిచాడు.

ఆగింది. మళ్ళీ... గర్ర్... గర్ర్... ఈసారి తొందర తొందరగా. లోపలికి రావాలన్నట్టు.

"ఉషా..."

"ఊఁ?"

"విన్నావా?"

అప్పుడు ఏడుపు వినపడింది. పసిబిడ్డ ఏడుపు. గుక్కపట్టి, సాగదీసి, ఆగి, మళ్ళీ... చల్లగాలితో పాటు సన్నగా ఏదో నీచు వాసన కూడా గదిలోకి వచ్చింది.

సూర్యప్రకాష్ గొంతు తగ్గించాడు. "ఈ గదిలో... ఎవరైనా పోయారా?"

ఉషకి అబద్ధం చెప్పడం రాదు. సంపూర్ణమ్మగారి సంగతంతా చెప్పేసింది. ఆ వేళప్పుడు చెప్పాల్సిన కథ కాదది. తెల్లారేదాకా ఇద్దరూ మంచం మధ్యలో, ఒకే దుప్పట్లో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

పొద్దున సూర్యప్రకాష్ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. కాఫీ తాగుతూ ఒక్కటే అడిగాడు.

"ఇంట్లో పసిపిల్లలెవరైనా ఉన్నారా మావయ్యగారూ?"

"లేరు బాబూ... ఏం?"

"ఊరికే."

వంటింట్లో ఉష తల్లిని పట్టుకుని ఏడ్చింది. "సాయంత్రం బండికే వెళ్ళిపోదామంటున్నారమ్మా. ఈసారి వెళ్ళిపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు." పేరమ్మ అల్లుడి దగ్గరికెళ్ళి ఒక్క రాత్రి ఉండమని బతిమాలింది. సూర్యప్రకాష్ భార్య మొహం చూశాడు. సరేనన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ పనీరే పెట్టారు.

ఆ రాత్రి హాల్లో దీపం ఆర్పేసి పోలరాజు, పేరమ్మ, చిట్టిబాబు గోడకి ఆనుకుని కూర్చున్నారు. పడమటి గది తలుపు సందులోంచి పాదాలకి చల్లగా తగులుతోంది.

చాలాసేపు ఏమీ లేదు...

తర్వాత — గర్ర్.

చిట్టిబాబు పేరమ్మ కొంగు పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మనిషి.

గర్ర్... గర్ర్... ఆ వెంటనే ఏడుపు. ఒక గొంతు కాదు... రెండు. కాదు, మూడు.

ధడాలున తలుపు తెరుచుకుంది. సూర్యప్రకాష్. భుజాన బ్యాగు, చేతిలో చెప్పులు. వెనక ఉష.

"క్షమించండి మావయ్యగారూ. నేను స్టేషన్లో పడుకుంటాను."

పోలరాజు లేచాడు.

"వెళ్ళండి బాబూ. ఆపను. కానీ ఒక్క నిమిషం... నా ఇంటి వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఎవరైతే ఏం, ఎందుకేడుస్తున్నావని నేను అడగొద్దూ?"

అని టార్చిలైటు తీసుకుని పెరటి తలుపు తెరిచాడు. వెనక చిట్టిబాబు, హనుమంతుణ్ణి తలుచుకుంటూ. ఆ వెనక సూర్యప్రకాష్, బ్యాగు భుజానే ఉంచుకుని. మామగారిని ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పలేదని తర్వాత చెప్పాడట. ఒక్కడే ఇంట్లో ఉండటానికి భయమేసిందని చిట్టిబాబు అంటాడు.

కంపచెట్ల పక్కగా, గోడ వెంబడి నడిచారు. వేడిగాలి మొహాన కొట్టింది. ఏడుపు దగ్గరైంది. గోడ మూల తిరిగితే కిటికీ...

పోలరాజు మూల తిరిగాడు. లైటు వేశాడు.

కళ్ళు.

ఏసీ మీద, ఇనప చట్రం మీద, గోడ మీద... పచ్చగా మెరుస్తూ, రెప్ప వేయకుండా, వరసగా కళ్ళు. వాటి కింద నేలంతా తెల్లగా ఏదో రాలి ఉంది. ఎముకలు పొడి చేసి చల్లినట్టు.

చిట్టిబాబు హనుమంతుణ్ణి కూడా మర్చిపోయాడు.

అప్పుడు ఆ కళ్ళలో ఒక జత అంది —

"మ్యావ్."

భవానీపురంలో ఉన్న పిల్లులన్నీ అక్కడే ఉన్నాయి. నల్లవి, తెల్లవి, చెవి తెగినవి. రెండు మగపిల్లులు ఏసీ మీద ఎదురెదురుగా నిలబడి పసిపిల్లల్లా రాగాలు తీస్తూ పోట్లాడుకుంటున్నాయి. మిగతావి థర్మాకోల్‌ని గోళ్ళతో గీరి గీరి, ఓ మూల బెజ్జం కూడా చేశాయి. ఆ బెజ్జంలోంచే వాసన గదిలోకి వెళ్ళింది. "హుష్" అంటే అన్నీ కంపల్లో దూకాయి.

సూర్యప్రకాష్ వంగి, రాలిన వాటిలో పెద్ద ముక్క ఒకటి తీసి లైటుకి పెట్టాడు. దాని మీద నీలం సిరాతో పెద్దక్షరాలు. బ్లీచింగుకి కూడా పోలేదు.

'బొచ్చె — హౌరా.'

ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "చేపల పెట్టె కదండీ ఇది?"

పోలరాజు కూడా తీసుకుని మళ్ళీ వాసన చూశాడు. ఆయనకి అప్పుడూ ఏమీ తెలియలేదు. ఏళ్ళ తరబడి చేపల మధ్య బతికిన ముక్కుకి చేప వాసన మామూలు గాలితో సమానం. ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. తల దించేసుకున్నాడు.

"ఎన్నిసార్లు స్నానం చేశాను బాబూ... మీకు వాసన రాకూడదని దగ్గరికి కూడా రాలేదు. చివరికి నా చేత్తోనే తెచ్చి మీ తల దగ్గర పెట్టాను."

ఆ మాట మాత్రం చిట్టిబాబు ఎప్పుడు చెప్పినా ఒకేలా చెప్తాడు. అందులో ఉప్పూకారం లేదు.

సూర్యప్రకాష్ భుజాన ఉన్న బ్యాగు దించి కింద పెట్టాడు.

"ఉగాదికి నేను పారిపోయింది దోమలకండీ. వాసనకెందుకు వెళ్తాను? మా తాత పడవలో కూర్చోబెట్టుకుని పెంచాడు నన్ను. అత్తయ్యగారి చేతి చేపల పులుసు తినొచ్చని బెంగళూరు నుంచి నోరూరుకుంటూ వస్తే... పూటపూటా పనీరు! మీరేమో దగ్గరికే రారు. నేనంటే మీకు ఇష్టం లేదేమో, ఉష కోసం భరిస్తున్నారేమో అనుకున్నా."

పోలరాజు అల్లుడి మొహం మీదికి లైటు వేసి మరీ చూశాడు, నిజంగానే అంటున్నాడా అని. ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఆ నవ్వులకే నాకు ఎదురింట్లో మెలకువ వచ్చి, దుప్పటి తలనిండా కప్పుకున్నాను. అర్ధరాత్రి ఆ గది వైపు నుంచి నవ్వులు వినపడితే మీరైనా అంతే.

మర్నాడు థర్మాకోల్ పీకేసి ప్లైవుడ్డు కొట్టించారు. పేరమ్మ పెద్ద డేగిసాలో శీలావతి పులుసు పెట్టింది. మామా అల్లుడూ ఒకే బంతిలో, భుజాలు రాసుకుంటూ కూర్చుని తిన్నారు. మూడో రాత్రి ఆ గదిలోంచి గురక తప్ప ఇంకో శబ్దం లేదు.

పొద్దున మాత్రం సూర్యప్రకాష్ దుప్పటి చుట్టుకుని వణుకుతూ బయటికొచ్చాడు.

"రాత్రి హై కూల్ పెట్టావేంటి ఉషా? గడ్డ కట్టేశాం."

"నేనా? మీరే పెట్టారనుకున్నా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. పోలరాజు కూడా నవ్వాడు. కొత్త దంపతుల మధ్య ఏది ఎవరు తిప్పారో మనకెందుకని ఊరుకున్నాడు.

అల్లుడూ కూతురూ బెంగళూరు వెళ్ళారు. వియ్యపురాలు ఫోన్ చేసి, "మీ ఇంటికొస్తే మావాడు తెగ నిద్రపోయాడటగా," అంది. పోలరాజు ఆ మాట వీధిలో ఒక్కరికి కూడా చెప్పకుండా వదల్లేదు. నాకు రెండుసార్లు చెప్పాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

ఓ వారం తర్వాత, రాత్రి మంచినీళ్ళకని లేచిన పోలరాజుకి వసారాలో మీటరు కనపడింది. లోపల చక్రం బొంగరంలా తిరుగుతోంది. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. తనూ పేరమ్మా పడుకునే గదిలో ఒక్క ఫ్యానే. మరి ఇంత కరెంటు ఎవరు తాగుతున్నారు?

పడమటి గది తలుపు దగ్గరికి వెళ్ళాడు. పాదాలకి చల్లగా తగిలింది.

తోసి చూశాడు. గది ఖాళీ. మంచం ఖాళీ. ఏసీ మాత్రం చప్పుడు లేకుండా నడుస్తోంది... మర హై కూల్ మీద ఉంది.

తలుపు మూసి, పరుగున వెళ్ళి పేరమ్మని లేపాడు.

పేరమ్మ లేచి కూర్చుని, కాసేపు నసిగి, చివరికి మొక్కు సంగతి బయటపెట్టింది. మూడు రాత్రులు ఓపిక పట్టమన్నాననీ, తర్వాత చల్లగాలి నీదేనని మాటిచ్చాననీ. అల్లుడు వెళ్ళిన దగ్గర్నించీ రోజూ పడుకునే ముందు వెళ్ళి వేసి వస్తున్నానంది.

"ఓసి నీ అసాధ్యం కూలా! దెయ్యానికి ఏసీయా?"

"పాపం గాలి లేకే కదయ్యా పోయింది. ఆవిడ మాట నిలబెట్టుకుంది. మనం తప్పితే ఎలా?"

పోలరాజుకి గుండె దడ తగ్గింది. కోపం వచ్చింది. ఆ రెండిటి మధ్య నవ్వు కూడా వచ్చింది. "సరే, మొక్కుకున్నావు. వేస్తే వేశావు, హై కూల్ ఎందుకే? లో మీద పెట్టొచ్చుగా?"

పేరమ్మ మొగుడి వైపు తిరిగి చూసింది.

"నేను లో కూల్ మీదే పెట్టానయ్యా."

"మరి?"

"రోజూ లో మీదే పెడుతున్నా. పొద్దున ఆపడానికి వెళ్తే... హై మీద ఉంటోంది. నువ్వే వెళ్ళి తిప్పుతున్నావనుకున్నా."

ఆ గదిలోకి వెళ్ళి ఆపేసి రావడానికి పోలరాజుకి కాళ్ళు రాలేదు. అలాగని వదిలేస్తే మీటరు తిరుగుతూనే ఉంటుంది. చాలాసేపు ఆలోచించి, భార్య చెయ్యి పట్టుకుని పడమటి గది ముందుకి వచ్చాడు. తలుపు ముట్టుకోలేదు. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, మూసిన తలుపుతో మెల్లగా అన్నాడు.

"సంపూర్ణమ్మగారూ... పడుకోండమ్మా, మిమ్మల్ని కాదనను. కానీ ఎంత అయిదు నక్షత్రాలదైనా ఊరికే రాదండీ కరెంటు. గది చిన్నదే... లో మీద కూడా చల్లగానే ఉంటుంది. కాస్త తగ్గించుకోండమ్మా... మీకు పుణ్యముంటుంది."

ఏమీ లేదు. నిశ్శబ్దం. అసలే చప్పుడు లేని ఏసీ.

పేరమ్మ ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

అప్పుడు లోపల్నించి, నెమ్మదిగా, ఒక్కసారి —

టక్.